చెట్టుకు చేరేదెంత, గాలికి పోయేదెంత?

బచేలిలో రోడ్డు పక్కన ఉన్న ఏ మామిడి చెట్టు దగ్గరైనా నిలబడి వేసవిలో ఒక ఆకు కోసి చూడండి. పైభాగం ఎర్రగా ఉంటుంది. వేలితో రాస్తే వేలికి కుంకుమ అంటినట్టు రంగు అంటుకుంటుంది. ఆకును తిరగేస్తే అడుగుభాగం దాదాపు మామూలు పచ్చగానే కనిపిస్తుంది. రోడ్డు వైపు కొమ్మలకు ధూళి ఎక్కువ, అవతలి వైపు తక్కువ. చెట్టు నడుమ, గుబురు లోపల ఉన్న ఆకులకు ఇంకా తక్కువ.

ఆ ధూళి బైలదిల్లా ఇనుప ఖనిజానిది. ఎద్దు మూపురంలా కనిపించే కొండలు కాబట్టి వాటికి ఆ పేరు వచ్చింది. ఒకప్పటి బస్తర్ జిల్లాలో, ఇప్పటి దంతెవాడ జిల్లాలో ఉన్నాయవి. కిరండూల్ వైపు 14వ నిక్షేపంలో 1968లోనూ, బచేలి వైపు 5వ నిక్షేపంలో 1977లోనూ తవ్వకం మొదలైంది. అక్కడి ఖనిజం కొత్తవలస రైలు మార్గం మీదుగా విశాఖపట్నం చేరుతుంది. అదే రైలెక్కి ఉత్తరాంధ్ర నుంచి వెళ్లి స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నందువల్ల బచేలి క్వార్టర్లలో తెలుగు బాగానే వినిపిస్తుంది. అక్కడ మా బంధువుల ఇంట్లో దిగినప్పుడు పెరట్లో మామిడాకు కోసి చూస్తుంటే, పండ్ల తోటలకు మందు కొట్టడం గురించి పుస్తకాల్లో చదివిన విషయమంతా ఆ ఒక్క ఆకు మీద రాసి ఉన్నట్టు అనిపించింది. తోటలో పిచికారీ చేసిన పురుగుమందు కూడా సరిగ్గా ఇలాగే పడుతుంది. పైన ఎక్కువ, అడుగున తక్కువ, అంచున ఎక్కువ, లోపల తక్కువ, మిగిలింది గాలికి. తేడా ఒక్కటే. ఖనిజ ధూళి కంటికి కనిపిస్తుంది, ఇవాళ్టి పురుగుమందు కనిపించదు.

ఇవాళ్టి మందు అనడానికి కారణం ఉంది. తోటలకు కొట్టిన తొలినాటి పేరున్న మందుల్లో ఒకటి కనిపించాలనే తయారైంది. 1878 ప్రాంతంలో ఫ్రాన్స్ ద్రాక్షతోటల్లోకి అమెరికా నుంచి ఒక బూజు తెగులు వచ్చిపడింది. ఆకులు మాడి రాలిపోయేవి. 1882లో బోర్డో విశ్వవిద్యాలయంలోని వృక్షశాస్త్ర ఆచార్యుడు పియర్ మిలార్డె మెడాక్ ప్రాంతంలో తిరుగుతుండగా ఒక వింత గమనించాడు. తోటంతా తెగులుతో మాడిపోయినా దారి పక్క వరసల్లో ఉన్న తీగలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఆకుల మీద నీలిరంగు మరకలున్నాయి. విచారిస్తే సంగతి తెలిసింది. దారిన పోయేవాళ్లు పళ్లు దొంగిలించకుండా, విషం చల్లారనుకుని భయపడాలని, ఆ వరసలకు మైలుతుత్తం, సున్నం కలిపి చల్లుతున్నారట. దొంగల కోసం చల్లింది బూజును ఆపింది. మిలార్డె ప్రయోగాలు చేసి 1885లో ఫలితాలు ప్రకటించాడు. అదే బోర్డో మిశ్రమం. ఇప్పటికీ మన నర్సరీల్లోనూ నిమ్మతోటల్లోనూ వాడుకలో ఉంది.

ఆ మిశ్రమాన్ని మొదట్లో చిన్న చీపురు కట్టలు ముంచి ఆకుల మీద విదిలించేవాళ్లు. పెద్ద పెద్ద చుక్కలు పడేవి. ఎక్కడ పడిందో, ఎక్కడ పడలేదో నీలిరంగే చెప్పేది. కొద్ది ఏళ్లలోనే వీపున తగిలించుకునే పంపు వచ్చింది. ఫ్రాన్స్‌లో వెర్మొరెల్ తయారుచేసిన పంపు ప్రపంచమంతా తిరిగింది. దాని మూతిలో ద్రవాన్ని గిరగిరా తిప్పి సన్నని తుంపరగా బయటికి వదిలే ఏర్పాటు ఉంది. అమెరికా వ్యవసాయ శాఖ కీటక శాస్త్రజ్ఞులు తయారుచేసిన నాజిల్‌కు అది మెరుగుదల. అప్పటిదాకా మందులో ఏమేం కలపాలన్నదే ప్రశ్న. నాజిల్ వచ్చాక చుక్క ఎంత ఉండాలన్న ప్రశ్న కూడా మొదలైంది. నూట నలభై ఏళ్లుగా అది తెగలేదు. ఎందుకు తెగలేదో కాస్త లెక్క వేసి చూద్దాం.

మిల్లీమీటరులో వెయ్యో వంతును మైక్రాన్ అంటాం. 400 మైక్రాన్ల అడ్డుకొలత ఉన్న ఒక చుక్కను 100 మైక్రాన్ల చుక్కలుగా విడగొడితే 64 చుక్కలవుతాయి. ఆ 64 చుక్కలూ కలిసి కప్పే వైశాల్యం మొదటి చుక్క కప్పేదానికి నాలుగింతలు. అంటే అదే మందుతో నాలుగింతల ఆకు తడుస్తుంది. పైగా పెద్ద చుక్క మామిడి, జీడిమామిడి లాంటి నున్నని ఆకుల మీద నిలవకుండా జారి నేలపాలవుతుంది. కాబట్టి చుక్క చిన్నదిగా ఉండడమే లాభమని ఎవరికైనా అనిపిస్తుంది.

అయితే చిన్న చుక్క త్వరగా కిందికి దిగదు. 500 మైక్రాన్ల నీటి చుక్క మూడు మీటర్ల ఎత్తు నుంచి దిగడానికి సుమారు ఒకటిన్నర సెకను పడుతుంది. 100 మైక్రాన్ల చుక్కకు 11 సెకన్లు. 10 మైక్రాన్ల చుక్కకు పదహారు, పదిహేడు నిమిషాలు! గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, అంటే మనిషి నడిచేంత వేగంతో గాలి వీస్తోందనుకోండి. మొదటి చుక్క రెండు మీటర్ల దూరంలో పడుతుంది. రెండోది 15 మీటర్లు పోతుంది. మూడోది దాదాపు కిలోమీటరున్నర ప్రయాణం చేస్తుంది. దారిలో ఇంకొక సంగతి కూడా జరుగుతుంది. ముప్పై డిగ్రీల ఎండలో, గాలిలో తేమ సగం ఉన్నప్పుడు, 50 మైక్రాన్ల నీటి చుక్క నాలుగైదు సెకన్లలో ఆవిరైపోతుంది. నీరు పోతుంది గాని అందులోని మందు పోదు. అది ఇంకా సన్నని నలుసుగా మారి గాలిలోనే ఉండిపోతుంది.

పోనీ, అంత సన్నని చుక్క ఆకు దగ్గరికి వెళ్లిందే అనుకుందాం. తగులుతుందా? లారీ ముందు అద్దానికి వానచుక్క ఠపీమని తగులుతుంది. ఎదురుగా వచ్చే పొగ మాత్రం అద్దాన్ని తాకకుండా పక్కనుంచి జారిపోతుంది. గాలి ఆకు చుట్టూ తిరిగి పోయేటప్పుడు బరువైన చుక్క మలుపు తిరగలేక ఆకును గుద్దుకుంటుంది, తేలికైనది గాలితోపాటే మలుపు తిరిగి వెళ్లిపోతుంది. పెద్ద చుక్క జారిపోతుంది, చిన్న చుక్క ఎగిరిపోతుంది. ఈ రెంటి మధ్యనే తోటమాలి మందు కొట్టాలి.

ఇలా ఎగిరిపోవడానికి తెలుగులో ఏ మాట వాడాలా అని అనువాదాలు చేసే రోజుల్లో చాలాసేపు ఆలోచించేవాణ్ణి. 'విస్థాపనం', 'అపవహనం' లాంటివి రాసి కొట్టేశాను. ఒక రైతు నోట 'మందు గాలికి పోతోంది' అన్న మాట విన్నాక వెతకడం మానేశాను.

పొలం పంటకు, పండ్ల తోటకు ఇక్కడే పెద్ద తేడా ఉంది. వరికి మందు కిందికి కొడతాం. గురి తప్పినా నేల మీద, నీటిలో పడుతుంది. అదీ మంచిది కాదు గాని, ఎక్కడ పడిందో తెలుస్తుంది. మామిడి చెట్టుకు పైకి కొట్టాలి. పది మీటర్ల చెట్టు తలను తాకాలంటే ద్రవాన్ని బలంగా ఆకాశం వైపు విసరాలి. కొమ్మల సందుల్లోంచి దాటిపోయిన ప్రతి చుక్కా చెట్టుకంటే పైన గాలిలో ఉంటుంది. అక్కడ గాలి వేగం నేల దగ్గరకంటే ఎక్కువ.

ఈ ఇబ్బంది లేకుండా మందు పెట్టిన పద్ధతులూ ఉన్నాయి. అవన్నీ మనిషి చెట్టెక్కే పద్ధతులే. మైసూరు సంస్థానంలో 1908లో చేరిన లెస్లీ కోల్మన్ అనే శాస్త్రజ్ఞుడు మలెనాడు వక్కతోటలను తుడిచిపెట్టే కొళెరోగ తెగులుకు బోర్డో మిశ్రమాన్ని అలవాటు చేశాడు. వక్కచెట్టు ఎంత ఎత్తుంటుందో తెలుసు కదా. వానలు మొదలయ్యే ముందు మనుషులు చెట్లెక్కి గెల గెలకూ విడిగా మందు పట్టించేవాళ్లు. వానకు కడుక్కుపోకుండా అందులో రోజనం, సోడా కలిపి ఉడికించిన జిగురు చేర్చేవాళ్లు. గెలకు అడుగు దూరం నుంచి కొడుతుంటే గాలికి పోయేది తక్కువ. మందు కన్నా కూలి ఖర్చు ఎక్కువ, ప్రాణభయం ఇంకా ఎక్కువ. 1990ల చివర కొబ్బరికి నల్లి పట్టినప్పుడు కోనసీమలో ఇంకొక దారి కూడా బాగా వాడారు. పెన్సిలంత లావున్న వేరును ఏటవాలుగా కోసి, మందూ నీళ్లూ ఉన్న చిన్న పాలిథిన్ సంచిలో దించి కట్టేవాళ్లు. చెట్టే మందును తాగేది. గాలికి ఒక్క చుక్క కూడా పోదు. అయితే మందు చెట్టంతా పాకుతుంది కాబట్టి నెలన్నర పాటు కాయలు దింపకూడదని చెప్పేవాళ్లు. అలా వాడిన మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావణాన్ని 2023లో కేంద్రం నిషేధించింది.

పడమటి దేశాల తోటలు మాత్రం వేరే దారి పట్టాయి. 1890లలో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం జిప్సీ చిమ్మటను చంపడానికి లెడ్ ఆర్సినేట్ వాడకం మొదలుపెట్టింది. సీసమూ ఆర్సెనిక్కూ కలిసిన విషం. ఆకును అంటిపెట్టుకుని ఉండిపోవడం దాని గొప్ప. యాపిల్ తోటలన్నీ దాన్నే వాడాయి. అంటుకున్నది ఆకుకే కాక పండుకూ అంటుకుంది. 1925 తరవాత బ్రిటన్ ఆ పండ్ల మీద అభ్యంతరం చెప్పేసరికి అమెరికాలో యాపిల్ పండ్లను పల్చటి హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కడిగి అమ్మాల్సి వచ్చింది. ఆ పాత తోటల నేలలో సీసం, ఆర్సెనిక్ ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ తర్వాత ఇళ్లు కట్టిన చోట పిల్లలాడుకునే మట్టిని పరీక్షించాల్సి వస్తోంది.

విమానం రంగంలోకి వచ్చింది కూడా ఆ లెడ్ ఆర్సినేట్‌తోనే. 1921 ఆగస్టు 3న ఒహాయో రాష్ట్రంలో ట్రాయ్ అనే ఊరి దగ్గర కటాల్పా చెట్ల తోపును గొంగళి పురుగులు తినేస్తుంటే, జాన్ మెక్రెడీ అనే సైనిక వైమానికుడు విమానానికి తొట్టె కట్టుకుని పొడి చల్లాడు. మొత్తం పని ఒక్క నిమిషం కూడా పట్టలేదు. నూటికి 99 పురుగులు చచ్చాయని నివేదికలో రాశారు. ఈ ఉదంతంలో నాకు ఆశ్చర్యంగా తోచేది వేరొకటి. ఆయన తోపు నెత్తిన ఎగరలేదు. గాలి వచ్చే వైపున, తోపుకు పక్కగా ఎగిరాడు. గాలే పొడిని చెట్లలోకి మోసుకుపోయింది. అంటే విమానం నుంచి మందు చల్లడమనే పద్ధతి పుట్టిన రోజున, మందు గాలికి పోవడం దాని లోపం కాదు, అదే దాని కిటుకు. తోపు దాటాక ఆ పొడి ఎక్కడికి పోయిందన్నది ఆనాటి లెక్కలో లేదు.

తరవాత 1930ల చివర ఫ్లోరిడా నారింజ తోటల్లో పెద్ద ఫంకా ఉన్న స్ప్రేయర్ వచ్చింది. నీళ్ల బలంతో కాక గాలి బలంతో తుంపరను చెట్టులోకి తోస్తుందది. ఆ గాలికి ఆకులు తిరగబడి అడుగుభాగాలు కూడా తడుస్తాయి. బచేలి మామిడాకు అడుగున ధూళి ఎందుకు లేదో ఇప్పుడు ఆలోచించండి. ఆకును తిప్పే గాలి అక్కడ లేదు. ఫంకా ఆ లోటు తీర్చింది గాని, వరసలో చెట్టు లేని ఖాళీ వచ్చినప్పుడు ఆపకపోతే మందు నేరుగా పక్క పొలానికి పోతుంది. మన నూజివీడు, చిత్తూరు ప్రాంతాల పాత మామిడి తోటల్లో కొమ్మలు ఒకదాన్నొకటి అల్లుకుపోయి ఉంటాయి కాబట్టి అంత పెద్ద యంత్రం నడవడమే కష్టం. ట్రాక్టరుకో ఇంజనుకో గొట్టం తగిలించి, పొడవాటి గన్నుతో పైకి కొట్టడమే ఎక్కువ. పూత మీద తేనెమంచు పురుగు కోసం జనవరి, ఫిబ్రవరి నెలల్లో ఇలా కొట్టేటప్పుడు చెట్టు కింద నిలబడి చూస్తే కొట్టేవాడి చొక్కా ఎంత తడుస్తుందో తెలుస్తుంది. ఆ పురుగు పూత లేని రోజుల్లో మొద్దు బెరడు పగుళ్లలో దాక్కుంటుంది. అక్కడికి చేరే మందు ఇంకా తక్కువ.

ఇంతవరకు చెప్పుకున్నది వృథా గురించి. గాలికి పోయింది ఎవరి మీద పడిందన్న ప్రశ్న మన దేశంలో గట్టిగా వినిపించింది కేరళలోని కాసరగోడు జిల్లాలో.

అక్కడి ఎర్రమట్టి గుట్టల మీద ప్రభుత్వం 1960లలో జీడిమామిడి నాటించింది. 1978లో ఆ తోటలు ప్లాంటేషన్ కార్పొరేషన్ ఆఫ్ కేరళ చేతికి వచ్చాయి. రెండు వేల హెక్టార్లకు పైగా విస్తీర్ణం. మన పలాస ప్రాంతపు జీడితోటలకు పట్టే టీ దోమే అక్కడా శత్రువు. లేత చిగుళ్లు, పూత రసం పీల్చి మాడ్చేస్తుంది. అంత తోటకు కూలీలతో మందు కొట్టించడం కుదరదని 1970ల నడిమి నుంచి హెలికాప్టరుతో ఎండోసల్ఫాన్ చల్లించారు. ఏడాదికి రెండు మూడు సార్లు చొప్పున 2000 సంవత్సరం చివరిదాకా సాగింది.

కాగితం మీద అన్ని జాగ్రత్తలూ ఉన్నాయి. 1958లో కేరళలో పురుగుమందు కలిసిన ఆహారం తిని వందమందికి పైగా చనిపోయిన తర్వాత దేశంలో 1968 క్రిమిసంహారక మందుల చట్టం వచ్చింది. దాని కింద 1971లో చేసిన నిబంధనల ప్రకారం విమానంతో మందు చల్లేముందు కనీసం 24 గంటల ముందుగా జనానికి తెలియజేయాలి. చల్లే హద్దులు గుర్తించాలి. సంబంధం లేని మనుషులు, పశువులు ఆ చోటికి రాకుండా చూడాలి. ఆమోదించిన ఎత్తులోనే ఎగరాలి.

ఎత్తు దగ్గరే అసలు చిక్కు. సమతలంగా ఉన్న పొలం మీద చెట్ల తలలకు రెండు మూడు మీటర్ల ఎత్తున ఎగరవచ్చు. గుట్టలూ లోయలూ, కరెంటు తీగలూ, ఎత్తైన చెట్లూ ఉన్నచోట ఏ పైలటూ అలా ఎగరలేడు. పైన మనం వేసిన లెక్కలో మూడు మీటర్ల బదులు పదిహేను మీటర్లు పెట్టి చూడండి. 100 మైక్రాన్ల చుక్క ఇప్పుడు దాదాపు నిమిషంసేపు గాలిలో ఉంటుంది. 15 మీటర్ల బదులు 75 మీటర్లు పోతుంది. తోటలు గుట్టల మీద ఉన్నాయి, ఊళ్లు కింద లోయల్లో ఉన్నాయి. గుట్టల్లోకి అడ్డంగా తవ్విన సొరంగాల నుంచి వచ్చే ఊటనీరు అక్కడివాళ్లు తాగుతారు. ఆ నీరు వచ్చి చేరే గుంటలకు కప్పు ఉండదు.

గాలి లేని తెల్లవారుజామున చల్లితే ఇబ్బంది ఉండదు కదా అని మీరనవచ్చు. ఇక్కడే చాలామంది పొరబడతారు. కొన్ని ఉదయాల్లో నేల దగ్గరి గాలి చల్లగా, పై గాలి వెచ్చగా ఉంటుంది. పొయ్యి పొగ పైకి పోకుండా ఇళ్ల కప్పుల మీదే పరుచుకుని ఉండడం మీరు చూసే ఉంటారు. ఆ సమయంలో చల్లిన సన్నని తుంపర కూడా అలాగే వేలాడుతూ ఉండిపోయి, మెల్లగా లోయలోకి పాకుతుంది. కొద్దిగా గాలి ఉన్న ఉదయమే దానికంటే మేలు.

1979లోనే అక్కడి పశువుల్లో అవయవాలు వంకరపోయిన దూడలు పుట్టడం గురించి శ్రీ పడ్రె అనే పాత్రికేయుడు రాశాడు. పడ్రె గ్రామంలో వైద్యం చేసే డాక్టర్ మోహన్ కుమార్ తన దగ్గరికి వచ్చే రోగుల్లో నరాల జబ్బులు, బుద్ధిమాంద్యం అసాధారణంగా ఎక్కువగా ఉన్నాయని గమనించి, 1990లలో ఆ సంగతి బయటికి తెచ్చాడు. వ్యవసాయ శాఖలో పనిచేసే లీలాకుమారి అమ్మ 1998లో హెలికాప్టరు పిచికారీకి వ్యతిరేకంగా కోర్టుకెక్కింది. అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ 2001లో పడ్రె పిల్లలను, మందు చల్లని వేరొక ఊరి పిల్లలతో పోల్చి పరీక్షించింది. పడ్రె పిల్లల రక్తంలో ఎండోసల్ఫాన్ ఎక్కువగా ఉంది. మగపిల్లల్లో యుక్తవయసు మార్పులు ఆలస్యమవుతున్నాయని ఆ సంస్థ శాస్త్రజ్ఞులు 2003లో ప్రచురించారు. తర్వాత వేసిన ఒక కేంద్ర కమిటీ ఈ జబ్బులకూ మందుకూ సంబంధం లేదంది. వాదోపవాదాలు ఏళ్ల తరబడి నడిచాయి. శాస్త్ర దృష్టితో చూస్తే ఒక్కొక్క జబ్బుకూ కారణం విడివిడిగా రుజువు చేయడం కష్టమే. కాని మందు చెట్టు దాటి ఎంత దూరం పోయింది, ఎంత పడింది అన్నది కొలవడం అంత కష్టం కాదు. చల్లిన ఇరవై నాలుగేళ్లలో ఆ కొలత ఏటా జరిగి ఉంటే వాదన ఇంత సాగేది కాదని నా అభిప్రాయం.

2011 ఏప్రిల్‌లో స్టాక్‌హోమ్ ఒప్పందపు దేశాలు ఎండోసల్ఫాన్‌ను తొలగించాల్సిన విషాల జాబితాలో చేర్చాయి. అదే ఏడు మే 13న మన సుప్రీంకోర్టు దేశమంతటా దాని తయారీ, అమ్మకం, వాడకం ఆపించింది. 2017 జనవరిలో బాధితులకు అయిదేసి లక్షల రూపాయలు ఇమ్మని కేరళ ప్రభుత్వాన్ని ఆదేశించింది. చల్లకుండా మిగిలిపోయిన మందు గోదాముల్లో పీపాలు తుప్పుపట్టి కారుతుంటే, 2012లో ప్రత్యేకంగా ఏర్పాట్లు చేసి దాన్ని కొత్త పీపాల్లోకి మార్చాల్సి వచ్చింది.

ఇప్పుడు డ్రోన్ల కాలం. 2021 డిసెంబరులో కేంద్ర వ్యవసాయ శాఖ డ్రోన్లతో మందు చల్లడానికి నియమావళి విడుదల చేసింది. డ్రోన్ రెక్కల గాలి చెట్టు మీదికి నేరుగా దిగుతుంది, ఆకులను కదిలిస్తుంది, కొట్టేవాడి చొక్కా తడవదు. ఇవి నిజమైన లాభాలే. అయితే డ్రోన్ ఎక్కువ బరువు మొయ్యలేదు. అందుకని తక్కువ నీళ్లలో చిక్కటి మందు కలిపి సన్నని చుక్కలుగా చల్లాలి. సన్నని చుక్క కథ మనం చూసిందే.

మందు ఎక్కడ పడిందో చూడడానికి పరిశోధకులు పసుపు కాగితం ముక్కలు వాడతారు. నీటి చుక్క తగిలినచోట అది నీలంగా మారుతుంది. మీకు ఆ కాగితం అక్కర్లేదు. బట్టలకు వేసే నీలిమందు బకెట్టు నీళ్లలో కలపండి. అగ్గిపెట్టెంత తెల్లకాగితం ముక్కలు ముప్పై చేసి, పెరట్లో ఉన్న ఏదైనా చెట్టుకు పదింటిని ఆకుల పైభాగాన, పదింటిని అడుగున, అయిదింటిని గుబురు లోపల పిన్నులతో గుచ్చండి. మిగిలిన అయిదింటిని గాలి పోయే వైపున రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది, పది మీటర్ల దూరంలో కర్రలకు గుచ్చండి. కడిగిన చేతిపంపుతో, అంటే మందు ఎన్నడూ పోయని పంపుతో, రెండు నిమిషాలు కొట్టండి. ఆరాక కాగితాలు తీసి, ఒక్కొక్క దాని మీద ఎన్ని నీలి చుక్కలున్నాయో లెక్కపెట్టి నోటుబుక్కులో రాసుకోండి. మర్నాడు నాజిల్ కాస్త బిగించి, ఇంకాస్త సన్నని తుంపరతో మళ్లీ చేసి, పదో మీటరు దగ్గరి కాగితాన్ని మొదట చూడండి.